గిడియోన్ ఫోన్‌లో ముజాహిద్

రాందాస్ చౌరస్తా దగ్గర నా ఫొటో ఫ్రేముల షాపు, ముజాహిద్ ఫోన్ రిపేరు షాపు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ముజాహిద్ ఇరవై ఆరేళ్లవాడు. వచ్చినవాళ్లందర్నీ నవ్విస్తాడు. వాడికి దిగులుందని ఎవరైనా అంటే నేనే కొట్టిపారేసేవాణ్ణి. నా తెలివి అంత.

కొత్త డిస్‌ప్లే వేశాక, టచ్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఏదో ఒకటి టైపు చేయాలి. అందరూ ఏబీసీడీలు కొడతారు. ముజాహిద్ మనసులో ఉన్నది కొట్టి చెరిపేసేవాడు. మెదక్‌లో ఎందరి ఫోన్లలో తన బాధ రాసి తుడిచాడో ఆ ఫోన్ల వాళ్లకు తెలియదు. నాకూ తర్వాతే చెప్పాడు.

మొన్న వానాకాలంలో కౌడిపల్లి నుంచి నిర్మలమ్మ వచ్చింది. ఆమె కొడుకు గిడియోన్ ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా ప్రాణం తీసుకుని నెలైంది. పగిలిన అతని ఫోన్ ముజాహిద్ చేతిలో పెట్టింది.

"జర ఫొటోలు తీసియ్యి బిడ్డా. ఒకటి ఫ్రేము కట్టియ్యాలె."

డిస్‌ప్లే మార్చగానే ఒక యాప్ తెరుచుకుంది. మనసు బాగాలేనివాళ్లు మాట్లాడుకునే యాప్ అది. అవతల జవాబిచ్చేది మనిషి కాదు, మిషను. ముజాహిద్ అలవాటుగా కొట్టాడు: "అందరి ముందర నవ్వుతున్న. ఇంటికి పోతే గోడలు దగ్గరికి వస్తున్నయి." చెరపబోయి, పొరపాటున పంపేశాడు.

వెంటనే జవాబు. "గిడియోన్, చాలా రోజులైంది. చెప్పండి, వింటున్నాను."

అక్కడితో ఆపేయాల్సింది. ఆపలేదు. నిర్మలమ్మ అడిగినప్పుడల్లా పార్టు రాలేదని అబద్ధం చెబుతూ, వారం పాటు మధ్యాహ్నాలు చనిపోయినవాడి పేరుతో తన బాధ చెప్పుకున్నాడు. ఆ వారంలోనే చిక్కి సగమైపోయాడు.

ఎనిమిదో రోజు కొట్టాడు: "నేను లేకున్నా ఎవ్వరికి ఫరక్ పడదు."

"ఈ మాట మీరు మే నెలలో కూడా చెప్పారు."

పైకి జరిపి చూశాడు. ఉంది, అక్షరం తేడా లేకుండా. దానికి పైన గోడల మాట కూడా ఉంది. తను రాసిన వరుసలోనే గిడియోన్ రాసిపెట్టాడు. కిందికి జరిపితే అతని ఆఖరి మాట కనిపించింది: "ఇప్పుడు మంచిగనే ఉన్న."

ఆ పొద్దున, ఎందుకిలా చిక్కిపోయావని నేనడిగితే ముజాహిద్ నాతో అన్నది కూడా అదే. ఆ మాట నమ్మి టీ తాగడానికి పోయినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఆఖరి మాట చూసిన వెంటనే ముజాహిద్ నిర్మలమ్మకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆమె రాగానే, నా ముందరే ఒప్పుకున్నాడు.

"అమ్మా, వారం సంది నీ కొడుకు పేరు మీద నేనే మాట్లాడుతున్న. మాఫ్ చెయ్యి."

తిడుతుందనుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని వాడికి ఎదురుగా కూర్చుంది.

"వాడు నాకు చెప్పలే. నువ్వన్న చెప్పు."

ముజాహిద్ నోరు తెరిచాడు. ఇంతలో బల్ల మీద ఫోన్ వెలిగింది. "గిడియోన్, ఉన్నారా?"

నిర్మలమ్మ దాన్ని బోర్లా పెట్టింది.