కంప్యూటర్‌కు నేను పాతిన హద్దురాళ్లు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఎక్కువ చేసి చెప్పే జబ్బుంది. నేను గద్ద అని రాసినచోట మీరు దోమ అని చదువుకోండి.

శామీర్‌పేట దగ్గర మాకో ప్లాటుంది. హద్దురాళ్లు ఎవరైనా జరిపారేమోనని వారం వారం టేపు పట్టుకుపోయి కొలిచి వచ్చే మనిషిని నేను. అలాంటి నేను ఇంట్లో కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ ఒకటి పెట్టుకున్నాను. లోపలి ప్రోగ్రాముల్లో ఏది ఎవరితో మాట్లాడుతోందో అది చూపిస్తుంది, వద్దంటే ఆపేస్తుంది. తెరిచి చూస్తే జాబితా మేడ్చల్ బస్టాండులా కిక్కిరిసి ఉంది. నన్ను అడగకుండా నాలుగు వందల మంది వస్తున్నారు, పోతున్నారు. ఇక నాకు కాలు నిలవలేదు. లేస్తాను, కూర్చుంటాను, మళ్లీ చూస్తాను. టీ మూడుసార్లు చల్లారింది. పేరు తెలియని ప్రతివాడూ కబ్జాకు వచ్చినవాడిలాగే కనిపించాడు. ఎర్ర బటన్ నొక్కుతూ పోయాను. ఒకడైతే నిమిషానికోసారి బయటికి తొంగిచూస్తున్నాడు. వాడి మీద కసిగా రెండుసార్లు నొక్కాను.

మా ఆవిడ ఇంట్లోంచే, అదే కంప్యూటర్‌లో, మేడ్చల్‌లోని ఒక డాక్యుమెంట్ రైటర్‌కు సేల్‌డీడ్లు టైపు చేస్తుంది. ఆమె సేవ్ చేస్తే చాలు, కాగితం దానంతటదే ఆయన షాపులోని కంప్యూటర్‌కు చేరుతుంది. ఆ రోజు పదకొండున్నరకు ఒక రిజిస్ట్రేషన్ ఉంది. పదిన్నరకు ఆయన ఫోన్ చేశాడు.

"ఏందక్కా, కాయితం ఇంక రాలే. కొనెటోళ్లు అల్వాల్ నుంచి వచ్చి కూసున్నరు. గిట్లయితే ఇగ పని వేరేటోళ్లకు ఇచ్చుకోవాలె."

"గప్పుడే పంపిన గదన్నా," అంటూ ఆమె మళ్లీ సేవ్ చేసింది. పోలేదు. మళ్లీ చేసింది. నా వైపు తిరిగింది.

"పొద్దుగాల సంది దాని ముంగట్నే ఉన్నవ్. ఏమన్న కెలికినవా?"

రెండుసార్లు నొక్కినవాడు గుర్తొచ్చాడు.

"నేనే ఆపిన. దొంగ అనుకున్న."

"దొంగనా? ఆరేండ్ల సంది నా పనంత మోస్తున్నది గదేనయ్యా."

వాణ్ణి వదిలాను. పది నిమిషాల్లో కాగితం మేడ్చల్ చేరింది. ఆమె పని చేజారకుండా నిలిచింది.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు వందలు కాదు, ముప్పై ఉంటారు. టీ ఒక్కసారే చల్లారింది. అవి కల్పనలు కావు, నా కొలతలు. నేను పూర్తిగా అల్లింది, నేనే ఆపానని ఆమెతో ఒప్పుకున్నానన్న మాట. నిజానికి నేనన్నది, "నెట్ వైరు తెగినట్టుంది."

ఆమె మా గల్లీలోనే ఉన్న కేబులాయనను పిలిపించి స్తంభం ఎక్కించింది. తను గేటు దగ్గర నిలబడి చూస్తుంటే, నేను లోపల ఎర్ర బటన్‌తో ఆపినవాణ్ణి వదిలేశాను.

"నేనేం జెయ్యలే అక్కా, వైరు మంచిగనే ఉంది," అన్నాడతను దిగి.

"నువ్వు ముట్టంగనే కాయితం అందిందని ఫోనొచ్చింది గదా," అని అతనికి గ్లాసెడు మజ్జిగ ఇచ్చింది. తాగుతూ అతను కిటికీలోంచి నన్నే చూశాడు.

ఎవరిని ఏ గంటకు ఆపానో ఆ ఫైర్‌వాల్ అంతా రాసిపెట్టుకుంటుందట. ఆ పేజీ ఎలా చెరపాలో నాకు తెలియదు. రోజూ ఆమె అదే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. నేను వెనకాల తిరుగుతూ ఉంటాను.