గీతలు తిరిగేదాకా ఉపవాసం

ఈ ఉదయం లేజర్ తగలగానే టైటానియం పొర సన్నగా ఈల వేసింది. ఆ శబ్దానికి సరోజక్క పక్కన నిలబడి తల ఓరగా వంచినట్టే అనిపించింది. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. పక్క గదిలో పోగు తెగినా మగ్గం చప్పుడులోనే పట్టేదట. హైదరాబాదు ప్రయోగశాలలో నాకు రెండేళ్లు సీనియర్. కాంతి సూదిమొనలా కుదిరే చోటు కోసం నేను మరలు తిప్పుతూ కుస్తీ పడుతుంటే, ఆమె ఆ ఈల విని పొరను ఒక్కసారి జరిపేది. అంతే, కుదిరిపోయేది.

మా పని ఇది. గాజు మీద పలుచటి లోహపు పొర. దాని మీద రెప్పపాటుతో పోల్చడానికి కూడా వీలుకానంత పొట్టి కాంతి తునకలు కురిపిస్తాం. ఎవరూ గీయకుండానే వెంట్రుక కంటే ఎంతో సన్నని గీతలు వరసగా లేస్తాయి. వంచి చూస్తే హరివిల్లు రంగులు. మొదటిసారి చూసిన రోజు నాకు సృష్టికర్త వేలు కనబడింది. ఆమె "బాగుండాది" అని ఊరుకుంది. ఆదోని క్రైస్తవ సంఘంలో వాక్యం వింటూ పెరిగిన నేను మోకాళ్లూని అడిగితే చెదిరిపోయే గీతలు, ఎన్నడూ అడగని ఆమె చేతికి తేలిగ్గా వచ్చేవి. ఇదేం న్యాయమని లోలోపల దేవుడితో వాదించేవాణ్ని.

ఒకసారి ప్రొఫెసర్ పరీక్ష పెట్టారు. పొర మీద పక్కపక్కనే మడుల్లాంటి రెండు చిన్న గళ్లు. ఒకదానిలో గీతలు నిలువుగా, రెండోదానిలో అడ్డంగా రావాలి. చేసి చూపితే లేజర్ మీద సొంతంగా పనిచేసే అనుమతి. లేదంటే మరో ఏడాది ఎవరి వెనకో నిలబడాలి. కాంతి కంపించే దిశ మారితే గీతలూ తిరుగుతాయి. ఆ దిశను మార్చడానికి కాంతి దారిలో ఒక గుండ్రటి పలక ఉంటుంది. తిప్పాను. రెండో గడిలోనూ నిలువు గీతలే. మళ్లీ చేసినా అంతే. నాలో ఏదో పాపం అడ్డుపడుతోందని ఉపవాసం పట్టాను.

నా అన్నం డబ్బా మూత తీయకపోవడం సరోజక్క గమనించింది.

"ఏమప్పా, బువ్వ తినలేదా?"

"ఉపవాసమక్కా. గీతలు తిరిగేదాకా."

"దేవునికి సెప్పుకుంటే సెప్పుకున్నావు గానీ, పలకను ఎంత తిప్పినావు?"

"తొంభై డిగ్రీలు."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "పలకను ఎంత తిప్పితే కాంతి దానికి రెండింతలు తిరుగుతాది కదప్పా. తొంభై తిప్పి మళ్లా మొదటికే వచ్చినావు. నలభై ఐదు తిప్పు. తిప్పి, తిను."

అడ్డగీతలు వచ్చాయి. ప్రొఫెసర్ గాజును దీపం కింద వంచి చూసి ఎవరు చేశారని అడిగారు. "ఈ అబ్బాయే సార్. నేను ముట్టుకోలేదు" అందామె. అనుమతి దొరికింది. ఆ పేరును నాకు అంత సులువుగా ఇచ్చేయగలిగినందుకు కూడా ఆమె మీద అసూయపడ్డాను.

ఆదివారం ఆదోనిలో సాక్ష్యం చెప్పాను, ఆమె పేరుతో సహా. ముందు కూర్చున్న పెద్దావిడ ఆపింది. "ఆయమ్మ యా సంఘమప్పా?"

"ఏ సంఘమూ కాదమ్మా."

"మరి ఆయమ్మతో యాల సెప్పించినాడు దేవుడు?"

"నేనూ అదే అడుగుతాండాను."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చదువు అయ్యాక సరోజక్క లేజర్ వదిలేసి ఎమ్మిగనూరు వెళ్లిపోయింది. ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతోంది. నేను ఏడ్చి సంపాదించుకున్న దాన్ని ఆమె నవ్వుతూ వదులుకుంది. నా విద్యార్థులకు గీతలు తప్పితే, వారికోసం ప్రార్థించే ముందు పలక ఎంత తిప్పారో అడుగుతాను. అది ఆమె నేర్పిందే. ఆ చేతిని మించాలన్న కోరిక లేకపోతే ఇంతకాలం ఈ బల్ల దగ్గర నిలబడేవాణ్ని కాదేమో. అసూయను నాలోంచి తీసివేయమని రోజూ దేవుణ్ని అడుగుతాను. ఆమెన్ మాత్రం కాస్త ఆగి అంటాను.