ప్లేటులో పెరిగిన నెమలి

బంటుమిల్లిలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తున్నాను. జెల్లీ పోసిన ప్లేటు మీద నీటిబొట్టు పూసి ఉంచితే, మర్నాటికి అందులోని సూక్ష్మజీవులు చుక్కలుగా పెరుగుతాయి. ఇక్కడి రైతులు మా రిపోర్టు కోసం ఆగరు. తమ చెరువు నంబరున్న ప్లేటు తీసుకుని కిటికీ వెలుతురులో చూసుకుంటారు. పసుపు చుక్కలైతే టీ తాగి వెళ్తారు. ఆకుపచ్చవి కిక్కిరిసి ఉంటే రోగం ముంచుకొస్తోందని, ఉన్న రొయ్యల్ని ముందే పట్టించేయడానికి వలవాళ్ళకి అక్కణ్ణుంచే ఫోన్ చేస్తారు.

నేను బందరుదాన్ని. కలంకారీ గీతల మధ్య పెరిగాను, చెయ్యి ఊరుకోదు. సూక్ష్మజీవులతో బొమ్మలు పెంచే కళ ఒకటుందని ఫోన్లో చూసిన దగ్గర్నుంచి నాకు అదే పిచ్చి. ఒకరోజు, మేమంతా బాబాయ్ అని పిలిచే రైతు చెరువు ప్లేటులో రెండే రెండు ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి. భయపడాల్సిందేమీ లేదు. తీగ మొనతో ఆ రెండింటినీ ఎత్తి, కొత్త ప్లేటులో నెమలిని గీశాను. ఆరోజు చూసుకోడానికి రాని ఆయన్ని ఫోన్ చేసైనా అడగలేదు. ఎలాగూ కుక్కర్లో ఉడికించి పారేసేవేగా, వాటికి అనుమతేమిటి అనుకున్నాను. చేతి అలవాటు కొద్దీ మూత మీద ఆయన చెరువు నంబరు కూడా రాసేశాను.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికే, ఆయన పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయారని ఊడ్చే ఆవిడ చెప్పింది. నెమలి ప్లేటు కిటికీ దగ్గరుంది. ఈకలు చిక్కగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి విచ్చుకున్నాయి. సిగ్గులేకుండా ముందు మురిసిపోయాను. మూత మీద నంబరు ఆ తర్వాత చూశాను.

ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. స్కూటరేసుకుని చెరువు దగ్గరికి పరిగెత్తాను. ఆ నీళ్ళలో అదుపులో ఉన్న రెండు చుక్కల్ని అంతగా పెంచింది నేనే. ప్రాణమున్నదాన్ని బొమ్మ కోసం పెంచేటప్పుడు, అది ఎవరి చెరువులోంచి వచ్చిందో నాకెందుకు గుర్తు లేదు?

గట్టు మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఇంకా ఎదగని రొయ్యలు ఐసు పెట్టెల్లో ఉన్నాయి. ఏడుస్తూ బాబాయ్‌కి జరిగిందంతా చెప్పాను.

"బొమ్మా? నాకు పచ్చగా ఉండటమొక్కటే కనపడిందమ్మాయ్," అన్నారు. ఒక పెట్టె మీద మూత సర్దారు. "ఒక్క మాట అడగకపోయావా? వద్దంటానా?"

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"పోనీ, బాగా వచ్చిందా?"

"వచ్చింది, బాబాయ్," అన్నాను. అది అబద్ధమైతే బాగుండేది.