నిద్రతో తీరని అలసట

పోయిన నెల ఒక మంగళవారం, నేను సొరకాయ కోస్తుంటే దవాఖాన నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఇగ లేదు" అన్నాడు. మా యారాలు, అంటే నా భర్త అన్న భార్య, చనిపోయింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నలభై ఏళ్లు కూడా నిండలేదు.

మాది ఖాజాగూడ. ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుపుతాం. సాయంత్రం ఆఫీసులు వదిలేసరికి పప్పు, సాంబారు, వేపుళ్లు చిన్న కవర్లలో కట్టి వరసగా పెట్టాలి. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు, అత్తమ్మా నేనూ పొయ్యి దగ్గర ఉడికిపోతుంటే అక్క లోపల మంచం మీద ఉండేది. ఒంట్లో ఉండే కాపలా శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బని డాక్టరమ్మ చెప్పిందట. జ్వరం లేదు, గాయం లేదు, ముఖం మామూలుగానే ఉండేది. "గోలీలు మింగుతది, పండుకుంటది. ఏం రోగమో మాకేం కనవడ్తది?" అనేది అత్తమ్మ. నేను నోరు విప్పే మనిషిని కాదు. కానీ లోపల నేనూ అదే అనుకునేదాన్ని.

ఆ ఏడు బోనాలొచ్చాయి. మా ఇంట్లో పెద్దకోడలే బోనం ఎత్తాలి. చాతకాకపోతే చిన్నది ఎత్తుతుందని అత్తమ్మ అంటే, లేదు నేనే ఎత్తుతానని అక్క పట్టుబట్టింది. పండుగకు ముందు మూడు రోజులు మంచం దిగలేదు. అత్తమ్మ గొణుగుతూనే ఉంది. ఆదివారం మాత్రం తలస్నానం చేసి, పట్టుచీర కట్టి, వేపమండలు చుట్టిన బోనం నెత్తిన పెట్టుకుని గుడి దాకా చెప్పులు లేకుండా నడిచింది. మంచిగనే ఉంది గదా అని వాడకట్టు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు అక్క లేవలేదు. నేను చాయ్ గ్లాసు మంచం పక్కన పెట్టి, ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు, "బోనం ఎత్తినప్పుడు లేని అలసట గిన్నెల కాడనే వస్తదా అక్కా?" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు.

"మూడు దినాలు పండుకొని కూడబెట్టిన చెల్లె ఆ బలం. తల గూడ దువ్వుకోలే. ఒక్క గంటల అయిపోయింది."

గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు మడత పడటం లేదని, జర తాగించమని అడిగింది. తాగించాను. తొమ్మిది రోజులు అలాగే ఉంది.

అప్పటి నుంచి పప్పులో రాళ్లు ఏరడం, పుదీనా తెంపడం లాంటి పనులు నేనే మంచం దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. నువ్వు దానికి చెంచాగిరి షురూ చేసినవా అని అత్తమ్మ దెప్పేది. కాస్త ఓపికున్న రోజు అక్క దుకాణంలోకి వచ్చి కూర్చునేది. ఆనాటి కూరల పేర్లు తను చెబుతుంటే నేను పలక మీద రాసేదాన్ని. నేను చదివింది ఏడో తరగతే అయినా, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సుద్దముక్క నా చేతికే ఇచ్చేది.

రాత్రి నిద్ర పట్టిందా అని ఒకసారి అడిగాను. "నిద్రవోతే తీరేదైతే దాన్ని అలసట అంటరు. దీనికి ఇంకా పేరు పెట్టలే" అని నవ్వింది. ఇంకో సాయంత్రం, మెడలో ఆఫీసు కార్డున్న అబ్బాయి ఒకడు పొద్దంతా కూర్చుని కూర్చుని చచ్చిపోయానన్నాడు. కుర్చీలో కూర్చుంటే ఏం అలసటని నాకు నవ్వొచ్చింది. అక్క వాడికి ఇంకో పప్పు కవరు ఊరికే ఇచ్చింది. వాడు వెళ్లాక, "ఎవరన్న అలిసిన అంటే నమ్మాలె" అంది. నన్ను చూసి అనలేదు. నాకు మాత్రం చాయ్ గ్లాసు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

జబ్బు చివరికి కిడ్నీల్లోకి పోయింది. దవాఖానకు తీసుకెళ్లిన ఆ చివరిసారి, ఆటో ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

ఆమె పోయిన పదో రోజు ఇల్లు కడుగుతున్నాం. వచ్చిన చుట్టాలు, పాపం ఎప్పుడూ పండుకునే ఉండేదని అంటున్నారు. అది నిద్ర కాదని నాకు చెప్పాలనే ఉంది, కానీ నేల తుడుస్తూ ఉండిపోయాను. అత్తమ్మ తడిబట్ట తీసుకుని అక్క గది బయట గోడ తుడవడానికి వెళ్లి, ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూశాను.

గది తలుపు నుంచి వంటింటి దాకా గోడ మీద, భుజమంత ఎత్తులో, ఒక మసక చార ఉంది. అక్క చెయ్యి రాసుకుంటూ నడిచిన గుర్తు. పది పన్నెండు అడుగుల దారి. అందులోనే నాలుగు చోట్ల అరచేయంత ముదురు మచ్చలు, ఆమె ఆగి నిలబడ్డ చోట్లు. రోజూ ఆ గోడ పక్కనుంచే గిన్నెలు మోసుకుంటూ తిరిగాం. ఎవరమూ చూడలేదు.

అత్తమ్మ మొదటి మచ్చ మీద చెయ్యి పెట్టి ఆగింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. నాలుగోది దాటి వంటింటి గడప మీద కూలబడింది. ఒళ్లోని తడిబట్ట నుంచి నీళ్లు ఆమె చీర మీదుగా కారుతున్నాయి. గోడ పొడిగానే ఉంది.