ఆర్డెల్లాకు ఇచ్చిన రెండు నిమిషాలు

జానెల్ ప్రూయిట్‌కు ఫెలోషిప్ వచ్చిందని ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మౌంట్ నీబో చర్చిలో పాస్టరు గారు ప్రకటించారు. రాజధానిలో ఒక సంస్థ ఉంది. నల్లవాళ్ళకు అన్యాయం చేస్తున్న చట్టాలను మార్పించాలని తిరిగే యువతీయువకుల్లో ఏటా కొందరిని ఎంచుకుని, పది నెలలు జీతమిచ్చి పని నేర్పుతుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. చర్చి పనులు చూసుకునే డీకన్ రూఫస్ మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"జీతమిచ్చి మరీ నేర్పుతారా పోరాటం? మా రోజుల్లో జైల్లో పడేసి నేర్పేవాళ్ళు పిల్లా. తిండి కూడా వాళ్ళదే."

"ఆ తిండి నీకింకా అరిగినట్టు లేదు డీకన్. ఎప్పుడు చూడు అదే త్రేన్పు," అంది ఆర్డెల్లా. చర్చంతా నవ్వింది.

ఆర్డెల్లా జానెల్‌కు మేనత్త. తల్లి పోయిన పిల్లను నడక రాని వయసు నుంచి పెంచింది ఆమే. స్వీట్ గమ్ రోడ్డు చివర, చక్రాలు తీసేసి దిమ్మల మీద నిలబెట్టిన ట్రైలర్ ఇల్లు వాళ్ళది. మా రోడ్డంతా నల్లరేగడి. వానొస్తే నీళ్ళు తాగదు, ఎండొస్తే నోళ్ళు తెరుస్తుంది. పత్తికి పనికొచ్చిన నేల మరుగుదొడ్డి మురుగు ఇంకే సెప్టిక్ తొట్టికి పనికిరాదు. ఎంత ఖర్చు పెట్టి పాతినా రెండు వానలకు మురుగు పైకి తన్నుకొస్తుంది. అందుకే మాలో చాలామంది ఇంట్లోంచి ఒక గొట్టం తీసి పెరటి కాలవలో వదిలేశాం. పట్టణం నుంచి వచ్చిన మురుగు పైపు తెల్లవాళ్ళ కాలనీ చివరి ఇంటి దాకా వచ్చి, మా రోడ్డు మలుపు దగ్గర ఆగిపోయింది. ఎందుకాగిందని అడిగితే, నిధులు అక్కడికే సరిపోయాయన్నారు. నిధులకు కూడా మనిషి రంగు తెలుస్తుందని మాకు అప్పుడే అర్థమైంది.

వాన పడ్డ రోజు ఆర్డెల్లా ఇంట్లో మురుగు స్నానాల తొట్టిలోకి తిరిగి వచ్చేది. జానెల్ బడి బూట్లు ఇంట్లో ఉంచేది కాదు, చర్చి వంటగదిలో దాచుకునేది. పొద్దున్నే అక్కడ బూట్లు మార్చుకుని బస్సెక్కే ఆ పిల్లను మేమందరం ఎరుగుదుం. ఎందుకని ఎవరమూ అడగలేదు. అందరి ఇళ్ళల్లో ఉన్న వాసనే అది.

ఇలా ఉండగా ఆ చలికాలం కౌంటీ, అంటే మా జిల్లా, ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి ఆర్డెల్లా పెరట్లో ఫొటోలు తీసుకుపోయారు. కోర్టుకు పిలుపొచ్చింది. మే నెలాఖరులోగా కొత్త సెప్టిక్ తొట్టి కట్టించాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి అన్నాడు జడ్జి. ఈ నేలలో నిలిచే తొట్టి ఖరీదు ఆమె ఇంటి ఖరీదు కంటే ఎక్కువ.

అప్పటికి జానెల్ రాజధానిలో బిల్లులు చదవడం, శాసనసభ వరండాల్లో సభ్యుల వెంటపడి మాట్లాడటం నేర్చుకుంది. ఆమెకు అప్పగించిన బిల్లు కూడా ఇదే. ప్రభుత్వం తొట్టి కట్టించేదాకా, మురుగు పేరుతో ఎవరికీ శిక్ష వేయకూడదు, ఎవరినీ ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదు. ఇది సభలో కమిటీ దాటితే చాలు, జడ్జిని ఆగమని అడగొచ్చన్నాడు ఆర్డెల్లా వకీలు. కమిటీ ముందు మాట్లాడటానికి ఒక ఇంటి యజమాని కావాలి. మా రోడ్డులో ఎవరూ ముందుకు రాలేదు. నా పెరట్లో మురుగుందని సర్కారు ముందు చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే కదా.

"నేనెలాగూ దొరికిపోయాను. నేనొస్తాలే," అంది ఆర్డెల్లా.

ఒక్కొక్కరికి రెండు నిమిషాలే ఇస్తారు. చర్చి హాల్లో జానెల్ ఫోనులో గడియారం పెట్టి అత్తను నిలబెట్టింది. ఆర్డెల్లా మొదలుపెట్టింది. ముందు దేవుడికి స్తోత్రం. తర్వాత పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, డీకన్లకు, సంఘ పెద్దలకు వందనాలు. ఈ ఉదయం తన కళ్ళు తెరిపించి, కాళ్ళూ చేతులూ ఆడేలా లేపినందుకు మరో స్తోత్రం. ఫోను మోగింది.

"అయిపోయింది అత్తా."

"ఏమయిపోయింది? ఇంకా మంచం దిగలేదే నేను!"

చివరికి స్తోత్రాలు ఒక్క వాక్యానికి కుదించడానికి ఒప్పుకుంది. మేము చుట్టూ కూర్చుని వింటూ, అలవాటు కొద్దీ అందుకుంటున్నాం. "అవునమ్మా," "చెప్పు, చెప్పు," "నిజం." ఆమె తడబడ్డప్పుడు వెనక నుంచి ఎవరో ఒకరం, "నిదానంగా చెప్పు తల్లీ, తొందరేం లేదు," అనేవాళ్ళం. మా దగ్గర సాక్ష్యం చెప్పే మనిషి ఒంటరిగా చెప్పదు. సగం ఆమె చెబుతుంది, సగం మేము మోస్తాం. అలా మోయగా మోయగా మాట రెండు నిమిషాల్లో ఇమిడింది.

కమిటీ రోజున చర్చి బస్సు నిండా వెళ్ళాం. ఉడికించిన వేరుశెనక్కాయలు ఒళ్ళో పెట్టుకుని ఒలుచుకుంటుంటే జానెల్ బస్సు ముందు నిలబడింది. బూడిద రంగు కోటు, జుట్టు వెనక్కి బిగించి కట్టింది. మా పిల్లే, కానీ గొంతు మారింది.

"అందరూ వినండి. లోపల చప్పట్లు వద్దు. ఆమెన్ వద్దు. అవుననీ వద్దు, కాదనీ వద్దు. చిన్న చప్పుడైనా చైర్మన్ గది ఖాళీ చేయిస్తాడు. మా సంస్థ డైరెక్టర్ కోట్స్ గారు మరీ మరీ చెప్పారు."

"దగ్గొస్తే?" అన్నాడు రూఫస్, స్టీరింగు వదలకుండానే.

"మింగెయ్ డీకన్."

"దేవుడు పలికిస్తే?"

"ఆయన్ను కూడా రెండు గంటలు బస్సులోనే కూర్చోమను."

నవ్వుతూనే మాటిచ్చాం.

ఆర్డెల్లా తెల్ల గౌను, తెల్ల టోపీ, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుంది. మైకు ముందుకెళ్ళి, పేరు చెప్పి, దేవుడికి ఒక్క స్తోత్రం చెప్పి, ఇంటి సంగతి మొదలుపెట్టింది. మొదటి మాట అయ్యాక ఆగింది. మేము అందుకోవాల్సిన చోటు అది. అందుకోలేదు. రెండో మాట అంది. మళ్ళీ ఆగింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా చర్చిలో సాక్ష్యం చెప్పే మనిషికి ఎవరూ పలకలేదంటే ఒకటే అర్థం. ఈమె మాట మీద మాకు నమ్మకం లేదు, కూర్చోమని. ఒక మనిషిని అంతకంటే అవమానించే దారి మాకు తెలియదు. ఆ సంగతి తెలిసిన వాళ్ళమంతా, పళ్ళు బిగబట్టి, ఆమె వీపు వైపు చూస్తూ కూర్చున్నాం. జానెల్‌కు కూడా తెలుసు. కానీ ఆమె నేర్చుకున్న పాఠంలో ఇది లేదు.

ఆర్డెల్లా వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. ఒక్కొక్క ముఖం వెతికింది. ఎడమ చేతి తొడుగు వేళ్ళు లాగడం మొదలుపెట్టింది.

"నేను... మరి... అంతేనండి అయితే," అంది.

గడియారంలో సగం సమయం ఇంకా ఉంది. గోడ పక్కన, కోట్స్ గారి పక్కనే కూర్చున్న జానెల్ కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ గొంతు వినపడింది, కోటు వేసుకోని గొంతు.

"నిదానంగా చెప్పత్తా. తొందరేం లేదు."

చైర్మన్ తల ఎత్తాడు. రూఫస్ "చెప్పమ్మా!" అన్నాడు. ఆ తర్వాత మమ్మల్ని ఆపేవాళ్ళెవరు?

ఆర్డెల్లా నడుం నిటారైంది. "అయ్యా, ఆ కాలనీలో పద్దెనిమిదేళ్ళు ఇళ్ళు ఊడ్చాను. వాళ్ళ మరుగుదొడ్లు ఈ చేతుల్తో కడిగాను. అక్కడ నేను పోసిన నీళ్ళు పైపులో పడి ఎటో పోతాయి. నా ఇంట్లో నేను పోసిన నీళ్ళు మళ్ళీ నా దగ్గరికే వస్తాయి. ఈ పిల్లకు స్నానం చేయించిన తొట్టిలోకి వస్తాయి. పైపు ఆపింది మీరు. కోర్టు బోనెక్కింది నేను."

చైర్మన్ చెక్క సుత్తి దబదబా మోగుతూనే ఉంది. కాపలావాళ్ళు మమ్మల్ని వరస వరసగా లేపి బయటికి పంపారు. తలుపులు మూసి, ఖాళీ కుర్చీల ముందు ఓటు వేసుకున్నారు. బిల్లు వచ్చే జనవరికి వాయిదా. మావైపు ఓటేస్తానన్న ఒక సభ్యుడు, గదిలో జరిగిన గలాభా చూశాక మనసు మారిందన్నాడు. ఆ మనసు ఎప్పుడో మారి ఉంటుంది. సాకు మాత్రం మా నోళ్ళతో మేమే అందించాం.

వరండాలో కోట్స్ గారు జానెల్‌ను పక్కకు పిలిచారు. ఆయనా నల్లవాడే, నెరిసిన తల.

"నేనూ ఇలాంటి చర్చిలోనే పెరిగానమ్మా. నాకు ఆ పలుకు నోటిదాకా రాలేదనుకున్నావా?"

"మరేం చేశారు సార్?"

"మింగాను. ముప్పై ఏళ్ళుగా మింగుతూనే ఉన్నాను. అలా మింగితేనే రెండు చట్టాలు మారాయి."

"మా అత్త కూర్చోబోయింది సార్. ఓడిపోయి కాదు, మేం వదిలేశామనుకుని."

ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలిన నెలలు జానెల్‌ను సభ వైపు పంపలేదు, ఆఫీసులోనే కూర్చోబెట్టారు. ఆ ఏడు సంస్థ అచ్చేసిన పుస్తకం అట్ట మీద మాత్రం తెల్ల టోపీతో ఆర్డెల్లా ఫొటో ఉంది.

మే నెల దాటాక జడ్జి ఆగలేదు. రూఫస్, మేమూ కలిసి సామాన్లు బస్సుకెక్కించాం. కౌంటీ వాళ్ళు ట్రైలర్ తలుపుకు కాగితం అంటించి తాళం వేశారు. ఆర్డెల్లా రాజధానిలో, మూడో అంతస్తులో, జానెల్ మరో ఇద్దరితో పంచుకుంటున్న వాటాకు చేరింది. చర్చి తరఫున నేను చూడటానికి వెళ్ళేసరికి జానెల్ ఫెలోషిప్ ముగియడానికి వారం ఉంది. ఆర్డెల్లా స్నానాల గది తలుపు దగ్గర నిలబడి, నీళ్ళు గొట్టంలోంచి పోయే చప్పుడు వింటోంది.

"ఇక్కడ నొక్కితే నీళ్ళు ఎటు పోతాయో తెలీదు. ఎవరి మీద పడుతున్నాయో ఏమో," అంది.

జానెల్ బల్ల ముందు కూర్చుని ఉంది. "జనవరిలో బిల్లు మళ్ళీ పెడతారంట అత్తా. జీతం ఉన్నా లేకపోయినా నేనెళ్తాను."

"నేనూ వస్తా. ఈసారి ఎవరి నోళ్ళూ మూయించకు." ఆర్డెల్లా వచ్చి ఎదురుగా కూర్చుంది. "కానీ పిల్లా, ఇంటి యజమానిని కదా పిలిచేది? ఇప్పుడు నాకు ఇల్లేదీ? నన్ను ఏమని పిలుస్తారు?"

జానెల్ నోరు తెరిచింది. అన్ని బిల్లులు చదివిన పిల్ల, అక్కడే ఆగిపోయింది.

ఆర్డెల్లా ఆమె చేతి మీద చేయి వేసింది.

"నిదానంగా చెప్పు తల్లీ," అంది. "తొందరేం లేదు."