మూడు మూతలు పోశాను

మాది నంద్యాల. పోయిన క్రిస్మస్‌కు మా ఆవిడ పుట్టిల్లు ఆళ్లగడ్డకు వెళ్లాం. చర్చికి కట్టుకుందామని, చనిపోయిన వాళ్లమ్మ తెల్ల పట్టుచీరను ఆమె మంచం మీద పెట్టింది. నా చేతిలోని కోడికూర దాని కొంగు మీద ఒలికింది.

"నువ్వు ముట్టాకప్పా! ఊరికి పోయినాక యాడన్నా ఉతికిస్తాం" అంది.

"దానికో లెక్క ఉందిలే" అంటూ మరకలు తీసే మందు సీసా అందుకున్నాను. మగ్గు నీళ్లకు ఒక మూత పోసి అరగంట నానబెట్టాలని రాసుంది. ఆరాధనకు పది నిమిషాలే ఉంది కాబట్టి మూడు మూతలు పోశాను.

మరక పోయింది. పిండబోతే కొంగు కూడా ముద్దగా చేతిలోకి ఊడొచ్చింది. పట్టుకు వాడరాదని అదే సీసా మీద ఉంది. నేను అంకెలు మాత్రమే చదివాను.

"అమ్మ చీర నాకు అదొక్కటే ఉండె" అంది మా ఆవిడ.