కుండల్లోంచి తీసేసిన ఇనుము

మా గల్లీలో ఒక కథ చెప్పుకుంటరు. ఉద్యమం రోజుల్లో బంద్ మీద బంద్ పడి, ట్యాంకర్లు రాక, క్యాన్ల ఆటోలు రాక జనం అల్లాడుతుంటే, మేడం మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి అందరికీ మంచినీళ్ళు తాగించిందని. గృహప్రవేశాల్లో చెప్తరు, సీమంతాల్లో చెప్తరు. మొన్న మా గల్లీల ఒక పెద్దాయన పోతే, పదో రోజు భోజనాల కాడ కూడా చెప్పిన్రు. చెప్పినప్పుడల్లా నా దిక్కు చూస్తరు. నేను తల దించుకుంట. అది వినయం అనుకుంటరు. నాకు వినయం ఉన్నదని ఈ భూమ్మీద అనుకునేది వాళ్ళే. మా ఆయన వింటే పక్కకు తిరిగి నవ్వుకుంటడు.

ఆ కథ తప్పు. కుండలు నేనే పెట్టించిన, అది నిజం. నీళ్ళు తేటగా వచ్చినయి, అదీ నిజమే. కానీ అవి మంచినీళ్ళు కావు. కావని నాకు తెలుసు. అప్పుడే తెలుసు. ఇన్నేండ్లుగా ఈ ముక్క ఎవ్వరికీ చెప్పలేదు. ఆ పెద్దాయన గుండె ఆగి పోయిండని చెప్పిన్రు. గుండెనే గదా, డాక్టర్లు గుండె అనే అన్నరు గదా అని వాళ్ళ కోడలిని మూడుసార్లు అడిగిన. నాలుగోసారి ఆమె నన్ను వింతగా చూసింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్న. తెలిసిన మొహమైతే నేను వాదనకు దిగుత. వాదించుడు నాకు ఊపిరి తీసుకున్నంత సులువు. తప్పు నాదైనా సరే, ఆఖరుకు అవతలి మనిషే సారీ చెప్పేటట్టు చేస్త. కాగితం మాత్రం నోరు మూసుకొని కూర్చుంటది. దానితోటి గెలుసుడు నా వల్ల కాలేదు.

మాది మన్సూరాబాద్. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా గల్లీకి ఇంకా కృష్ణా నీళ్ళు రాలేదు. తొమ్మిది ఇండ్లకు కలిపి ఒక బోరు ఉండె. వాడుకోవడానికి బోరు, తాగడానికి ట్యాంకరో క్యాన్లో. బంద్‌లు మొదలైనంక ట్యాంకరు ఎప్పుడొస్తదో, క్యాన్ ఎప్పుడొస్తదో ఎవ్వరికీ తెలియదు. అందరూ బోరు నీళ్ళే కాచి తాగుడు పెట్టిన్రు. రుచికి బాగనే ఉండె. నాకే అనుమానం. అంత లోతుకు పోయిన బోరు, కింద ఏ రాయి ఉన్నదో ఏమో అని ఒక సీసాల పట్టి, నాతోటి డిగ్రీ చదివి నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తున్న ఒకామెకు ఇచ్చిన. ఆమె ఫోన్ చేసి ఆర్సెనిక్ అన్నది. మన పెద్దోళ్ళు పాషాణం అనేది అదే. ఉండాల్సిన దానికన్న ఎక్కువ ఉన్నదట. ఈ రోజు తాగితే ఈ రోజు ఏం కాదు, తాగుతనే పోతే చేతులకు, కాళ్ళకు, లోపలికి ఎక్కుతదన్నది. కాస్తే పోదు, కాచిన కొద్దీ నీళ్ళు తగ్గి విషం ఇంకింత చిక్కబడతదన్నది.

గల్లీల ఆడవాళ్ళందరినీ మా వాకిట్లో కూసోబెట్టి చెప్పిన. ఉన్నదున్నట్టే చెప్పిన. ఆ రోజు వరకు నాకు ఏ మచ్చా లేదు.

దానికి మందు కూడా నేనే వెతికిన. కరెంటు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు, నీళ్ళు తమ బరువుకు తామే కిందికి దిగుతయి. పై కుండల ఇసుక, దాని నడుమ ఇనుప రజను. లేత్ మిషన్ల కాడ చుట్టలు చుట్టలుగా పడేస్తరు గదా, అదే. నడిమి కుండల బొగ్గు, సన్న ఇసుక. కింది కుండల తాగే నీళ్ళు. తడికి ఇనుము తుప్పు పడతది, ఆ తుప్పు పాషాణాన్ని పట్టుకుంటది. అంతే సంగతి. ఇసుక చెత్తను ఆపుతది, బొగ్గు వాసనను ఆపుతది, విషాన్ని ఆపేది మాత్రం తుప్పే. ఈ ముక్క నేను ఇంటింటికీ పోయి చెప్పిన. తొమ్మిది ఇండ్లలో ఎనిమిది ఇండ్లు కుండలు పెట్టుకున్నయి. పసుపు రాసి, బొట్లు పెట్టి మరీ పెట్టుకున్నరు. క్యాన్లు కొనుడు మానేసిన్రు. నా మాట మీద మానేసిన్రు.

పెట్టుకోనిది ఎదురింటి రత్నకుమారి గారు ఒక్కరే. వాళ్ళది గుంటూరు దిక్కు. ఆమె మిషన్ కొనుక్కున్నది. సగం నీళ్ళు మోరీ పాలు చేసే మిషన్, కరెంటు పోతే మూగబోయే మిషన్ అని నేను ఆమెను ఏడిపించేదాన్ని. రాష్ట్రం గురించి కొట్లాట, నీళ్ళ గురించి కొట్లాట, ఆఖరుకు పప్పులో చింతపండు ఎంత వేయాలన్న దాని మీద కూడా కొట్లాట. కొట్లాడుకోని రోజు ఇద్దరికీ తోచకపోయేది. నిజం చెప్పాలంటే ఆ గల్లీల నాకు సమానంగా మాట్లాడే మనిషి ఆమెనే.

కుండలు పెట్టిన కొత్తల నీళ్ళు ఎర్ర జీరతో దిగేవి. తెల్ల బట్ట మీద పడితే మరక. అన్నం పచ్చగ అయ్యేది. చాయ్ పెడితే నల్లగ, సిరా లెక్క. ఇనుము, చాయ్ పొడి కలిస్తే గంతే. తాగితే నష్టం లేదు, చూడబుద్ధి కాదు. ఒకరోజు రత్నకుమారి గారు మా ఇంటికొచ్చి గ్లాసు అందుకొని, ఎత్తి, వెలుగుకు పెట్టి చూసింది.

"ఏవండీ మేడం గారూ, రాష్ట్రం వచ్చాక కూడా ఇవే నీళ్ళు తాగుతారా, లేకపోతే అప్పుడైనా మా మిషన్ కొనుక్కుంటారా?"

అందరూ నవ్విన్రు. మా గల్లీ వాళ్ళు కూడా నవ్విన్రు. నవ్వదగ్గ మాటే. ఇప్పుడు తలచుకుంటే నాక్కూడా నవ్వొస్తది. అప్పుడు మాత్రం ఒంటికి నిప్పు పెట్టినట్టు అయింది.

ఇంకో రెండు రోజులకు ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు ఉండె. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని, అక్కడే కూసోని తినుడు. మా గల్లీ వంతుకు చాయ్, తాగేనీళ్ళు వచ్చినయి. మేడం కుండల నీళ్ళతోటే పెడదాం, మన నీళ్ళు మనకే అని ఎవరో అన్నరు, అందరూ సరే అన్నరు. వందల మంది ముందు నల్ల చాయ్? దారిన పోతూ రత్నకుమారి గారు చూస్తది. చూసి ఏమంటది?

ఎరుపు పోగొట్టడం పెద్ద విద్య కాదు. నడిమి కుండల ఇంకో జానెడు సన్న ఇసుక వేసి, వారం పది రోజులు నీళ్ళు పారబోస్తే తగ్గేది. ఇది నాకు తెలుసు. వారం ఆగమని చెప్పొచ్చు. వంటావార్పుకు ట్యాంకరు నీళ్ళు తెప్పించుకోండని చెప్పొచ్చు. ఒక్క మాట. నేను ఆ ఒక్క మాట చెప్పకుండా బకెట్ పట్టుకొని ఇంటింటికీ పోయి, ఇసుక మార్చాలె అని చెప్పి, పై కుండల్లోంచి ఇనుమంతా తీసేసిన. దాని జాగల కంకర పోసిన. ఏడు ఇండ్లు. ఒక్క పగటిపూట.

ఆరిండ్లలో ఎవరూ ఏం అడగలేదు. ఏడో ఇల్లు సరితది. పోచంపల్లి పిల్ల, పెండ్లయి రెండేండ్లు, భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుల చేస్తడు. పదో తరగతితో ఆపేసిన్రు ఆమెను. ఆమె తలుపు కాడ నిలబడి బకెట్‌లోకి తొంగి చూసింది.

"ఆంటీ, గదే మందు అన్నరు గదా. గదే తీసేస్తున్నరేంది?"

"దాని పని అయిపోయింది. ఇది కొత్త పద్ధతి."

"మా నాయన నూలుకు రంగులేసేటప్పుడు పటిక వెయ్యకపోతే రంగు పట్టది ఆంటీ. రంగు అట్లనే నీళ్ళల్ల పోతది. గిది గట్ల కాదా?"

నేను చేస్తున్న పని ఆపిన. ఆ పిల్ల అడిగింది సరిగ్గా అదే. పట్టుకునేది లేకపోతే ఏది నిలుస్తది? నా ఇంటర్ పిల్లలు ఏడాదంతా చదివినా ఈ ప్రశ్న అడగలేదు.

"కెమిస్ట్రీ నువ్వు చదివినవా, నేను చదివిన్నా?" అన్న.

ఆమె నవ్వింది. తిట్టినా నవ్వే పిల్ల. "గట్ల కాదు ఆంటీ. నాకు మూడో నెల. తాగొచ్చా అని."

"తాగు. నాది గ్యారంటీ."

ఆ రెండు మాటలు నా నోట్లోంచి ఎంత సులువుగ వచ్చినయో మీకెట్ల చెప్పాలె? మూడో నెల అని చెప్పినంక కూడా. అప్పుడు ఏమనుకున్న? వంటావార్పు అయినంక మళ్ళీ ఇనుము పెట్టేస్త అనుకున్న. నిజంగనే అనుకున్ననా, లేకపోతే ఇప్పుడు నన్ను నేను కాపాడుకోవడానికి అట్ల అనుకున్నట్టు కల్పించుకుంటున్ననా? తేల్చుకోలేకపోతున్న.

వంటావార్పు బాగైంది. చాయ్ ఎర్రగ, చక్కగ వచ్చింది. రత్నకుమారి గారు కూడా వచ్చి ఒక గ్లాసు తాగి, బాగుందండీ, ఒప్పుకున్నాం అన్నది. ఏదో ఒక దాని మీద ఆమె నోట ఆ మాట వినడానికి నేను ఎనిమిది నెలలు కొట్లాడిన. విన్న. ఆ తర్వాత ఇనుము మళ్ళీ ఎట్ల పెడత? పెడితే మళ్ళీ ఎరుపు. ఎందుకు పెడుతున్నవంటే ఏం చెప్పాలె? రేపు అనుకున్న, వచ్చే ఆదివారం అనుకున్న. కృష్ణా నీళ్ళ పైపు వచ్చేదాకా ఏడాది పైన గడిచింది. ఆ ఏడాదంతా వాళ్ళు తేట నీళ్ళు తాగిన్రు.

ఇగ ఇంకో ముక్క రాయాలె. మొత్తం ఎనిమిది ఇండ్లని చెప్పిన, ఇనుము తీసింది ఏడు ఇండ్లలో అని చెప్పిన. మీరు లెక్క చూసే ఉంటరు. ఎనిమిదోది మాది. మా కుండల్లోంచి నేను ఇనుము తియ్యలేదు. మా పిల్లలు, మా ఆయన, నేను ఎరుపు నీళ్ళే తాగినం. నల్ల చాయ్ చూస్తే దొరికిపోతనని ఆ ఏడాది మా ఇంటికొచ్చినోళ్ళకు నేను చాయ్ పెట్టలేదు, మజ్జిగ ఇచ్చిన. ఎసిడిటీ, చాయ్ మానేసినం అని చెప్పిన. మేడంను చూసి నేర్చుకోవాలె అనుకున్నరు కొందరు. తెలియక చేసింది అని ఎవరన్న నా తరఫున చెప్పబోతే, ఈ మజ్జిగ గ్లాసులే అబద్ధం అంటయి.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. అదే నన్ను తింటున్నది. ఎవరన్న పడిపోతే, ఎవరన్న నిలదీస్తే, అప్పుడన్న ఒక దిక్కు ఉండేది. సరితకు ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువన్నరు దవాఖానల. బరువు తక్కువ పిల్లలు బోలెడు మంది పుడతరు, నాకు తెలుసు. అందులో నీళ్ళ పాలు ఎంత, తిండి పాలు ఎంత ఎవ్వరూ చెప్పలేరు, అదీ తెలుసు. తెలిసినా కూడా పెండ్లిలో, ఫంక్షన్‌లో ఆ ఏడిండ్ల వాళ్ళు ఎదురైతే నేను వాళ్ళ చేతులు పట్టుకుంట. పాషాణం ఎక్కితే అరచేతుల్లో గట్టి గింజల్లాంటి మచ్చలు లేస్తయి. గోరింటాకు చూస్తున్ననని అనుకుంటరు. మేడంకు మేమంటే ఎంత ప్రేమ అంటరు. ఇప్పటిదాకా ఎవ్వరి చేతుల్లో ఏమీ కనపడలేదు. కనపడలేదంటే లేదనా? లోపలున్నది అరచేతికి రావాలని ఏమన్న ఉన్నదా?

ఇప్పుడెందుకు రాస్తున్న? సరిత వాళ్ళు నాగోల్‌కు మారి చాలా ఏండ్లయింది. పోయిన నెల ఆమె బిడ్డ మా ఇంటికొచ్చింది. స్కూల్లో సైన్స్ ప్రాజెక్టు, నీళ్ళ ఫిల్టర్, అమ్మ మిమ్మల్నే అడగమన్నది అన్నది. సన్నగ ఉంటది, నోరు మాత్రం గట్టిది, నాకు నచ్చింది. నోట్‌బుక్ తెరిచి బొమ్మ చూపించింది. మూడు కుండలు, పై కుండల ఇనుము. అక్కడ పెన్నుతో చుక్క పెట్టి, మీరు దీన్ని మధ్యలో తీసేసిన్రట, అమ్మ చెప్పింది, ఎందుకు తీసిన్రు ఆంటీ, తీస్తే పని చెయ్యదు గదా అన్నది.

నేను ఆ పిల్ల అరచేతుల దిక్కు చూసిన. తర్వాత, తియ్యొద్దు అన్న. ఎప్పుడూ తియ్యొద్దు, ఎరుపొచ్చినా సరే, ఇనుము ఉండాలె అన్న. ఆమె అది రాసుకున్నది. నేను తప్పు చేసిన అన్న మాట మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల పెన్ను పట్టుకొని ఎదురు చూసింది, నేను లేచి బిస్కెట్లు తెచ్చిన.

మీకు చెప్పిన. కొంచెం ఊపిరి ఆడుతున్నది, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ నీళ్ళు తాగింది మీరు కాదు. సరిత దగ్గరికి పోయే ధైర్యం వస్తదో రాదో తెలియదు. కానీ ఆ పిల్ల వచ్చి పోయినప్పటి నుంచి ఒక్కటే తిరుగుతున్నది తలలో. సరిత మరిచిపోలేదు. అంటే ఆ రోజు నన్ను నమ్మలేదనా? ఆ కాన్పుకు ముందు ఒకట్రెండు సార్లు ఆమె చంపాపేట్ అక్క ఇంటి నుంచి ఆటోల పెద్ద డబ్బా దింపుకోవడం చూసిన. నూనె అనుకున్న. అందులో నీళ్ళు ఉండి ఉంటే? లేకపోతే అది నూనెనేనా, నేను గ్యారంటీ అన్నందుకు కింది కుండల నీళ్ళే ముంచుకొని తాగిందా?

సరితా, ఆ ఆరు నెలలు నువ్వు ఏ నీళ్ళు తాగినవ్?